రొద విన్నవాడు

బల్లకు చెయ్యి తగలనివ్వకండి. తగిలిందో, ఇంతసేపు పడ్డ శ్రమంతా వృథా.

ఇది లండన్, 1950. గవర్ స్ట్రీట్‌లో యూనివర్సిటీ కాలేజీ. బయటి విద్యుత్ అలజడి లోపలికి చొరబడకుండా చుట్టూ లోహపు జల్లెడ కట్టిన చోట ఒక మైక్రోస్కోపు, దాని కింద గాజు పళ్లెం, పళ్లెంలో లవణాలు పాళ్లు చూసి కలిపిన రింగర్ ద్రావణం. అందులో కప్ప తొడ నుంచి ఒలిచి తీసిన పలచటి కండరం మునిగి ఉంది. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో పదోవంతు ఉంటే ఎక్కువ. దాన్ని కదిలించే నరం ముక్క ఇంకా అంటుకునే ఉంది. కప్ప పోయింది గానీ కండరం బతికే ఉంది, ఇంకొన్ని గంటలు బతుకుతుంది. పని ఏదైనా ఈలోపే కానివ్వాలి.

మైక్రోస్కోపు మీద వంగినవాడు బెర్నార్డ్ కాట్జ్, వయసు 39. ఆసిలోస్కోప్ తెర ముందున్న కుర్రవాడు పాల్ ఫాట్, 26.

కాట్జ్ చేతికింద ఉన్న ఎలక్ట్రోడ్‌ను దగ్గరగా చూడండి. సన్నటి గాజుగొట్టాన్ని వేడి చేసి, మెత్తబడగానే సాగదీసి, మొన తేల్చారు. ఆ మొన వెడల్పు అర మైక్రాన్ కూడా లేదు. గొట్టం ఎక్కడ అయిపోయిందో మైక్రోస్కోపులో పెట్టినా సరిగ్గా ఆనవాలు దొరకదు. లోపల నింపిన చిక్కటి పొటాషియం క్లోరైడ్ ద్రావణమే ఇక్కడ వైరు. షికాగోలో లింగ్, జెరార్డ్ ఈ పద్ధతిని ప్రకటించి ఏడాదే అయింది. మొన విరిగిందా బాగుందా అన్నది కంటికి తెలియదు, ఆంప్లిఫయరే చెప్పాలి.

కాట్జ్ మర తిప్పుతున్నాడు. మొన కిందికి దిగుతోంది. తెర మీద గీత సున్నా దగ్గర కదలకుండా ఉంది. ఇంకో పిసరు తిప్పాడు. ఏమీ లేదు. ఇంకో పిసరు. ఉన్నట్టుండి గీత తెర అడుగుకు పడిపోయింది. మైనస్ 90 మిల్లీవోల్టులు. మొన పొరను దాటి పోగు లోపలికి దిగింది. ఇప్పుడు మనం ఒక బతికున్న కణం లోపల కూర్చుని వింటున్నాం.

ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. నరానికి కరెంటు ఇవ్వలేదు, కండరాన్ని ముట్టుకోలేదు. కాబట్టి గీత అలా తిన్నగా సాగిపోవాలి. సాగడం లేదు. అదిగో, చిన్న బుడిపె. చివ్వున లేచింది, నింపాదిగా దిగింది. ఎత్తు అర మిల్లీవోల్టు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెంటవెంటనే రెండు. మళ్లీ ఖాళీ. మళ్లీ ఒకటి. సగటు తీస్తే సెకనుకు ఒకటి అనుకోవచ్చు గానీ దానికి తాళమూ లేదు, వరసా లేదు.

ఏ ప్రయోగశాలలోనైనా ఇలాంటప్పుడు నోటికి మొదట వచ్చే మాట ఒకటే: ఎక్కడో వైరు లూజుగా ఉంది.

ఆ వైర్ల సంగతి తేలేలోపు ఈ మనిషి ఇక్కడికి ఎలా చేరాడో చెప్పేస్తాను. 1911లో లైప్‌జిగ్‌లో పుట్టాడు. రష్యా నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు కుటుంబం, తండ్రిది బొచ్చు తోళ్ల వ్యాపారం. పుట్టింది పెరిగింది జర్మనీలోనే అయినా ఏ దేశం పౌరుడూ కాడు. వైద్యం చదువుతుండగా 1933లో అతని పరిశోధనకు విశ్వవిద్యాలయం బహుమతి వచ్చింది. యూదుడన్న కారణంతో దాన్ని బాహాటంగా ఇవ్వలేకపోయారు, చాటుగా ముట్టింది. ఆ రోజుల్లోనే 'నేచర్' పత్రికలో ఒక వాదం నడుస్తోంది. నాజీలను వెనకేసుకొచ్చిన భౌతికశాస్త్రవేత్త యొహానెస్ స్టార్క్‌ను లండన్ శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఎ.వి. హిల్ వ్యంగ్యంతో చితక్కొడుతున్నాడు. చదివితే ఈయన దగ్గరే చదవాలని కాట్జ్‌కి అనిపించిందంటే ఆశ్చర్యం లేదు. 1935 ఫిబ్రవరిలో ఏ దేశానికీ చెందని వాళ్లకిచ్చే కాగితాలతో హారిచ్ రేవులో దిగాడు. హిల్ అతన్ని ప్రయోగశాలలోనే కాదు, హైగేట్‌లోని తన ఇంట్లో కూడా పెట్టుకున్నాడు. ఆ ప్రయోగశాలలో చెయ్యెత్తి సెల్యూట్ కొట్టే హిట్లర్ బొమ్మ ఒకటి ఉండేది. జర్మనీ నుంచి ఇంతమంది పండితులను పంపినందుకు కృతజ్ఞతగా పెట్టుకున్నానని వచ్చినవాళ్లతో హిల్ అనేవాడట.

ఈ హిల్ పేరు తెలుగువాళ్లకు ఇంకో దారిలో తెలిసి ఉండాల్సింది. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలుతున్న రోజుల్లో, 1927లో, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి మన ఎల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టాడు. అక్కడి నుంచి పాత లెక్క సడలడం మొదలైంది. 1932లో హిల్ కండరశాస్త్రంలో వచ్చిన విప్లవం గురించే ఒక పెద్ద వ్యాసం రాశాడు. తాను అప్పటిదాకా నమ్మినది కూలుతుంటే ఆ కూలడాన్ని విప్లవమని పిలిచిన గురువు దొరకడం శిష్యుడి అదృష్టం.

మిగతా ప్రయాణం గబగబా చెప్పేయొచ్చు. 1939లో సిడ్నీ. అక్కడ జాన్ ఎక్లిస్, వియన్నా నుంచి తప్పించుకొచ్చిన స్టీఫెన్ కఫ్లర్, కాట్జ్ ముగ్గురూ ఒకే చోట. నరం నుంచి కండరానికి కబురు విద్యుత్ రూపంలోనే దాటుతుందా, మధ్యలో రసాయనం ఏదైనా ఉందా అన్నది అప్పటి పెద్ద తగాదా. ఎక్లిస్‌ది విద్యుత్ పక్షం. ముగ్గురి ప్రయోగాలు మాత్రం కండరం దగ్గర రసాయనానికే సాక్ష్యం చెప్పాయి. తర్వాత యుద్ధం. ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారిగా కాట్జ్ న్యూగినీకి వెళ్లాడు. 1946లో లండన్‌కి తిరిగొచ్చి, మరుసటేడు ప్లిమత్ సముద్రతీరంలో అలన్ హాడ్జ్‌కిన్‌తో కలిసి స్క్విడ్ పెద్ద నరం మీద పనిచేశాడు. నరం చుట్టూ ఉన్న నీటిలో సోడియం తగ్గిస్తే సంకేతం ఎత్తు తగ్గుతుందని తేల్చారు. అంటే నరంలో పరుగెత్తే విద్యుత్‌కు మూలం బయటి నుంచి లోపలికి దూసుకొచ్చే సోడియం అయాన్లు. వైద్య విద్యార్థులు ఈనాటికీ బట్టీపట్టే గోల్డ్‌మన్–హాడ్జ్‌కిన్–కాట్జ్ సమీకరణంలోని కాట్జ్ ఈయనే.

రాడార్ ముందు కూర్చున్నవాడికి నిత్యం ఒకటే పరీక్ష, తెర మీద మెరిసింది విమానమా, ఉత్త అలజడా? ఆ అలవాటే గవర్ స్ట్రీట్‌లో అక్కరకొచ్చిందని నా ఊహ. ఊహే, దీనికి రుజువు అడగకండి.

సరే, తెర దగ్గరికి రండి.

వైరు లూజు అయితే ఎలక్ట్రోడ్‌ను ఎక్కడ గుచ్చినా బుడిపెలు రావాలి. అదే పోగు మీద కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపి గుచ్చారు. మైనస్ 90 అక్కడా ఉంది. గీత మాత్రం నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. వెనక్కి, నరం కొస వచ్చి కండరాన్ని తాకే చోటికి తెచ్చారు. దాన్ని ఎండ్‌ప్లేట్ అంటారు. బుడిపెలు మళ్లీ మొదలయ్యాయి. వైరుకు ఎండ్‌ప్లేట్ ఎక్కడుందో తెలియదు కదా.

ఇప్పుడు పళ్లెంలోకి క్యూరారే. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాల మొనలకు పూసే విషం. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీద పనిచేయకుండా అడ్డుపడుతుంది. కాసేపు ఆగండి, అది ఇంకాలి. బుడిపెలు కుంచించుకుపోతున్నాయి. క్యూరారే కడిగేసి ప్రోస్టిగ్మిన్ కలిపారు. ఇది దానికి ఎదురు మందు, ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. బుడిపెలు ఎత్తూ పెరిగాయి, దిగడానికి పట్టే సమయమూ పెరిగింది. ఇంకో కప్పలో నరాన్ని ముందే కోసి, దాని కొసలు ఎండిపోయేదాకా ఆగి చూశారు. బుడిపెలు లేవు.

వైరు గొడవ అక్కడితో సరి. నరం కొస ఏ ఆజ్ఞా లేకుండానే, ఉండుండి, ఎసిటైల్‌కోలిన్‌ను వదులుతోంది.

ఎంత వదులుతోంది? ఇక్కడ తొందరపడేవాడైతే ఒక్కో బుడిపె ఒక్కో అణువు అని రాసేసేవాడు. కాట్జ్, ఫాట్ ఆగారు. పళ్లెంలో ఎసిటైల్‌కోలిన్‌ను అతి పలచగా కలిపి చూస్తే బుడిపెలు రావాలి కదా, అలా రాలేదు. గీత మొత్తంగా, నున్నగా, మెల్లగా పైకి జరిగింది. అంటే ఒక్క అణువు ప్రభావం ఈ తెరకు ఆననంత చిన్నది. ఒక బుడిపె రావాలంటే వేల అణువులు ఒక్క క్షణంలో, ఒక్క చోట కుమ్మరించాలి. నరం వాటిని పొట్లాలుగా కట్టి పెట్టుకుని పొట్లం పొట్లంగా వదులుతోందన్నమాట. 1950లో 'నేచర్'లో తొలి కబురు పంపినప్పుడు దాన్ని జీవుల్లోని రొద అనే అన్నారు. 1952లో 'జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ'లో పూర్తి వ్యాసం వచ్చింది.

మామూలుగా నరం కబురు పంపితే కండరంలో బుడిపె రాదు, ఉప్పెన వస్తుంది, పోగు ముడుచుకుంటుంది. ఆ ఉప్పెన కూడా ఇవే పొట్లాలతోనా? ఈసారి కాట్జ్ పక్కన ఉన్నది స్పెయిన్ నుంచి వచ్చిన హొసే డెల్ కాస్టియో. పళ్లెంలో కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచారు. దాంతో నరం నోరు దాదాపు మూతపడుతుంది. కండరం ముడుచుకోదు కాబట్టి గాజు మొన జారిపోదు, విరగదు, అదొక సౌకర్యం. ఇప్పుడు నరాన్ని మీటి చూడండి. ఏమీ రాలేదు. మళ్లీ మీటండి. బుడిపెంత వచ్చింది. మళ్లీ. దానికి రెండింతలు. మళ్లీ. ఏమీ లేదు. మూడింతలు. ఒకటి. సున్నా. ఒకటిన్నర ఎప్పుడైనా వస్తుందేమోనని కాచుకుని కూర్చున్నా లాభం లేదు, అన్నీ పూర్తి పొట్లాలే. వందలసార్లు మీటి, ఎన్నిసార్లు సున్నా, ఎన్నిసార్లు ఒకటి, ఎన్నిసార్లు రెండు అని లెక్కకట్టారు. పాసాన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు అరుదైన ఘటనలకు కట్టిన సూత్రం ముందే చెప్పిన సంఖ్యలకూ వీళ్ల చిట్టాకూ తేడా దాదాపు లేదు. 1954లో ఇది అచ్చయింది. కాల్షియం మామూలుగా ఉన్నప్పుడు ఒక్క నర సంకేతానికి వందకు పైగా పొట్లాలు మిల్లీసెకను అటూఇటుగా ఒక్కుమ్మడిగా తెరుచుకుంటాయి. సరిగ్గా అదే కాలంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో నరం కొసల్లో కిక్కిరిసిన చిన్న చిన్న సంచులు కనపడ్డాయి. లెక్కలో తేలిన పొట్లాలకు చిరునామా దొరికింది. ఒక్కో పొట్లంలో ఎన్ని అణువులన్నది 1975లో, పదివేలకు లోపేనని, తేల్చిన ఇద్దరిలో ఒకరు సిడ్నీలో చూసిన ఆ కఫ్లరే.

ఇక్కడ ఒక్క నిమిషం లండన్ వదిలి రండి. కప్ప తొడతో మనకేం పని అనుకునేవాళ్లను వరంగల్ వైపో గుంటూరు వైపో పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పురుగుల మందు తాగిన రైతును ఆటోలో తెచ్చారు. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు, చర్మం కింద కండరాలు అక్కడక్కడా అదురుతున్నాయి. ఆ మందు ఆర్గానోఫాస్ఫేట్ రకమైతే, పళ్లెంలో ప్రోస్టిగ్మిన్ చేసిన పనినే అది ఒళ్లంతా చేస్తోంది, వదలకుండా. ఎసిటైల్‌కోలిన్ విరగదు, పేరుకుపోతుంది, కండరం అదిరి అదిరి చివరకు మొరాయిస్తుంది, ఊపిరి ఆగుతుంది. పక్క మంచం మీద, రాత్రి ఇంట్లో నేల మీద పడుకుని తెల్లారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయిన పిల్లవాడు. కాటు నొప్పి కూడా తెలియలేదు. కట్లపాము. దాని విషం నరం కొసనే పాడుచేస్తుంది, పొట్లాలు వదిలేవాడే ఉండడు. అందుకే విషానికి విరుగుడు ఎక్కించినా ఆ కొసలు మళ్లీ కుదురుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. నాగుపాము దారి వేరు, క్యూరారే మాదిరి కండరం వైపు తలుపులకు అడ్డుపడుతుంది. అక్కడ అట్రోపిన్ తోడుగా నియోస్టిగ్మిన్ సూది వేస్తే రెప్పలు లేవడం చూస్తారు. ప్రోస్టిగ్మిన్ అన్నది ఆ నియోస్టిగ్మిన్‌కే మార్కెట్ పేరు. గవర్ స్ట్రీట్ పళ్లెంలో కలిపిన మందే. ప్రయోగం వల్ల మందు పుట్టిందని నేననను, మందే ముందు. కానీ ఒకే ఎండ్‌ప్లేట్ దగ్గర మూడు విషాలు మూడు చోట్ల ఎలా తగులుతాయో అర్థం చేసుకునే పటం మాత్రం ఈ బుడిపెల నుంచే వచ్చింది.

మళ్లీ లండన్. ఇరవై ఏళ్లు గడిచాయి. కాట్జ్ ఇప్పుడు సర్ బెర్నార్డ్, బయోఫిజిక్స్ విభాగం అధిపతి. అరవైకి దగ్గరపడ్డాడు. పక్కన మెక్సికో నుంచి వచ్చిన రికార్డో మిలెడి. ఇద్దరూ కలిసి నరం కొసలోకి కాల్షియం వస్తేనే పొట్లాలు తెరుచుకుంటాయని, అదీ సంకేతం వచ్చిన ఆ క్షణానికే కాల్షియం హాజరుండాలని, ఇప్పటికే చూపించారు. 1970లో నోబెల్ రాబోతోంది, ఆ పాత పొట్లాల పనికి. ఈలోపు ఆయన తెర మీద ఇంకో రొద కనిపించింది.

పద్ధతి పాతదే. గాజు మొన పోగు లోపల. బయట ఇంకో గాజుగొట్టం నుంచి ఎసిటైల్‌కోలిన్‌ను ఎండ్‌ప్లేట్ మీదికి విడతలుగా కాక ధారగా వదులుతున్నారు. గీత పైకి జరిగి నిలిచింది. ఇది అందరూ చూసినదే. కానీ దగ్గరికి వచ్చి చూడండి. పైకి జరిగిన గీత ముందున్నంత సన్నగా లేదు. కాస్త లావెక్కింది. పెంపు ఎక్కువ చేసి చూస్తే గీతంతా ముతకగా, గరుగ్గా, ఎడతెరిపి లేకుండా వణుకుతోంది. మందు ఆపితే మళ్లీ సన్నబడుతోంది.

ఈసారి వైరు మీద అనుమానం ఎవరికీ రాలేదు. వచ్చిన చిక్కల్లా, విడివిడిగా లెక్కపెట్టడానికి ఇక్కడ బుడిపెలే లేవు. రేకుల కప్పు కింద కూర్చుని వాన వింటే ఒక్కో చినుకు వినిపించదు, కానీ తుంపరైతే చప్పుడు మెత్తగా ఉంటుంది, వడగళ్లైతే గరుకుగా ఉంటుంది. మొత్తం నీరు ఒకటే అయినా గరుకుతనాన్ని బట్టి చినుకెంతో చెప్పొచ్చు. కాట్జ్, మిలెడి చేసింది అదే లెక్క. గీత ఎంత జరిగింది, ఎంత వణికింది అన్న రెంటినీ పక్కపక్కన పెట్టి, ఆ వణుకు వెనక ఉన్న ఒక్క చినుకు విలువ కట్టారు. మిల్లీవోల్టులో మూడువేలవంతు. నిలిచే సమయం ఒక మిల్లీసెకను లెక్కన. పొరలో ఒకే ఒక్క అయాన్ తలుపు తెరుచుకుని మూసుకోవడం ఇదేనని వాళ్ల నమ్మకం. అప్పటికి అయాన్ చానల్‌ను విడిగా చూసినవాడు ఎవడూ లేడు, అది నిజంగా ఒక రంధ్రమా కాదా అన్నదే తేలలేదు. ఒక్క పొట్లం బద్దలైతే ఇలాంటి తలుపులు వెయ్యికి పైగా తెరుచుకుంటాయని ఆ లెక్కే చెప్పింది.

ఒకే జీవితంలో రెండుసార్లు, మిగతావాళ్లు వడకట్టి పారేసే చోటే కాట్జ్ కూర్చుని ఏరుకున్నాడు. మొదటిసారిని అదృష్టమన్నా సరేగానీ రెండోసారి మాత్రం కాదు.

ఆ విభాగంలో 1970ల మొదట్లో కొంతకాలం పనిచేసిన ఒక జర్మన్ కుర్ర డాక్టరున్నాడు, బెర్ట్ సాక్‌మన్. అతనితో పాటు ఇప్పుడు గటింగెన్‌కి రండి. 1976, మాక్స్ ప్లాంక్ సంస్థ. ఏ జర్మనీ నుంచి కాట్జ్ కాగితాలు పట్టుకుని పారిపోయాడో ఆ జర్మనీకే ఆయన విద్య తిరిగొచ్చింది. సాక్‌మన్ పక్కన భౌతికశాస్త్రం చదివిన ఎర్విన్ నేహర్. పళ్లెం, కప్ప కండరం, గాజుగొట్టం అన్నీ మీకు తెలిసినవే. తేడా ఒక్కటే. గొట్టం మొనను వేడితో నున్నగా చేశారు, పోగులోకి గుచ్చడం లేదు. శుభ్రం చేసిన పొర మీద ఆన్చి అదుముతున్నారు. కణం మొత్తం చేసే రొద బయటే ఉండిపోతుంది. మొన కింద చిక్కిన మైక్రాన్ల వెడల్పు జాగాలో జరిగేది మాత్రమే వినిపిస్తుంది.

గీత నున్నగా సాగుతోంది. ఒక్కసారిగా మెట్టు దిగింది. దిగిన చోట తిన్నగా నిలిచింది. అంతే చటుక్కున మళ్లీ పైమెట్టు ఎక్కింది. ఎత్తు ఒక ఆంపియరులో లక్షకోట్లవంతులు రెండో మూడో. అయినా ఆ ఒక్క మిల్లీసెకనులో దాటే అయాన్లు పదివేలకు తక్కువ ఉండవు. ఒక్క చానల్ తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ ఒకటి, ఈసారి కాస్త ఎక్కువసేపు తెరిచే ఉంది. ఇంకోటి కళ్లు మూసి తెరిచేలోపు పోయింది. ఎత్తు మాత్రం అన్నిటిదీ ఒకటే.

లండన్ రొద చెప్పలేకపోయింది ఈ ఆకారమే. తలుపు చటాలున తెరుచుకుని మెల్లగా మూసుకుంటుందా, లేక తెరిచినంతసేపూ బార్లా తెరిచి ఉండి ఒక్కసారే మూతపడుతుందా అన్నది వణుకును ఎంత విశ్లేషించినా తేలదు, రెండిటికీ లెక్క ఒకేలా వస్తుంది. కాట్జ్, మిలెడి తమ లెక్కలకు ఎక్కువగా వాడుకున్నది మెల్లగా సన్నగిల్లే ఆకారాన్ని. గటింగెన్ తెర మీద ఉన్నవి నిలువు గోడల మెట్లు. తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప మధ్యలో ఏమీ లేదు.